వలకు ఇటు అత్త, అటు అల్లుడు

వలలత్తను ఊరంతా అత్తా అనే పిలుస్తుంది, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. వరస కుదరడం లేదని ఎవరైనా నవ్వితే, "పిలిస్తే పలుకుతున్నాను కదా, ఇంకేం కావాలి?" అంటుంది. రేవు పక్కన రేకుల షెడ్డులో చిరిగిన వలలు బాగుచేయడం ఆమె పని. ఒకప్పుడు పొద్దున్నే గ్లాసు పట్టుకుంటే గానీ ఆ చేతుల వణుకు ఆగేది కాదు. ఆ సంగతి ఆమే చెబుతుంది, దాచుకోదు. తాగుడు మానాక చేతులు మళ్లీ దారికొచ్చాయి. వాటిని చూసుకుని ఆమెకు కాస్త గర్వం. ఉంటే తప్పేముంది?

ఆ నది ఒడ్డున అందరికంటే ముందు నుంచీ ఉన్నది వలలత్త వాళ్ల జనమే. పట్నం, సర్కారు కచేరీలు, రోడ్లు అన్నీ తర్వాత వచ్చినవే. ఆనకట్ట కట్టి పాత ఊళ్లను ముంచేశాక, వాళ్లను తెచ్చి ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ల వరసల్లో దింపారు. వాళ్లకంటే ముందే అక్కడికి సారా దుకాణం చేరింది. పని పోయినవాడికి పొద్దు గడవాలి కదా. అలా మొదలైంది.

చాలా ఏళ్లకు ఆ కాలనీలో తాగుడు మానిపించే కేంద్రం ఒకటి తెరిచారు. పట్నం నుంచి వచ్చిన కౌన్సెలర్ మంచి కుర్రాడే. కుర్చీలు గుండ్రంగా వేసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మనసులో మాట చెప్పుకోమన్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు. వీళ్లలో ఎవరూ ఎదుటివాళ్ల ముఖం చూస్తూ కష్టం చెప్పుకోరు. చేతిలో పని ఉండాలి, చూపు పని మీద ఉండాలి, అప్పుడే నోరు పెగులుతుంది. వచ్చినవాళ్లంతా ఆ పూట వానల గురించి మాట్లాడుకుని లేచిపోయారు.

మరుసటి వారం అత్త మీటింగును తన షెడ్డుకు మార్పించింది. తలా ఒక చిరిగిన వల అంచు ఒళ్లో పడేసింది. కౌన్సెలర్ కూడా నేలమీద కూర్చుని ముడులు నేర్చుకున్నాడు. అతను బాగుచేసిన వలలోంచి ఏనుగైనా దూరిపోతుందని అందరూ నవ్వేవాళ్లు, అతనూ నవ్వేవాడు. ఏళ్ల తరబడి తాగినవాళ్లు డాక్టరు చూడకుండా ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని అతను చెప్పాక, అత్త ఎవరొచ్చినా ముందు ఆస్పత్రికి పంపేది. ఆ తర్వాతే వల అల్లే చెక్కసూది చేతికిచ్చేది. ఒక్కొక్కరే మానుతూ వచ్చారు.

ఓర్వలేనివాళ్లు ఎక్కడైనా ఉంటారు. "రచ్చ గెలిచింది సరే, ఇంట గెలిచిందా?" అని సారా దుకాణం ముందు ఒకరంటే, నలుగురు తలూపారు. ఆ మాట అత్త చెవిన పడింది. పడి గుచ్చుకుంది, ఎందుకంటే అది అబద్ధం కాదు.

ఊరందరికీ అత్తే గానీ, ఆమెకు నిజమైన అల్లుడు ఒక్కడే. నది దాటించే పడవను నడిపే సరంగు. ఒకరోజు తాగి, బడిపిల్లలతో నిండిన పడవను ఇసుకమేట మీదికి ఎక్కించాడు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. పడవల సంఘం అతన్ని పనిలోంచి దింపేసింది. కూతురు బట్టల సంచి పట్టుకుని తల్లి గడప ఎక్కింది.

"మానితే వెళ్తానమ్మా. మానకపోతే ఇంక నన్ను వెళ్లమని చెప్పకు" అంది.

అల్లుణ్ణి పిలిచి మందలించాలన్నా అత్తకు దారి లేదు. వాళ్ల జనంలో అత్త, అల్లుడు ఎదురుపడకూడదు, ముఖాలు చూసుకోకూడదు, మాట్లాడుకోకూడదు. దారిలో ఎదురైతే ఒకరు పక్కకు తప్పుకుంటారు. అది పగ కాదు, అంత గౌరవం. అల్లుడు రెండుసార్లు షెడ్డు దాకా వచ్చాడు, లోపల అత్త కనబడగానే వెనక్కి తిరిగాడు. పట్నం కేంద్రంలో చేరిస్తే, తన భాష తెలిసిన మనిషి ఒక్కరూ లేక పారిపోయి వచ్చాడు. ఇంతమందిని ఒడ్డున పడేసిన మనిషి, కూతురి కాపురం మునుగుతుంటే చూస్తూ కూర్చోవాలా?

ఆలోచించి ఆలోచించి, ఆమె సన్నకళ్ల పాత వలను రెండు మడతలుగా దూలానికి వేలాడదీసింది. అవతలి మనిషి నీడ తప్ప ముఖం కనబడదు. వెనక తలుపు తెరిచి ఉంచి, ముందు ఆస్పత్రికి వెళ్లి ఆ తర్వాత ఇటు రమ్మని కౌన్సెలర్‌తో అల్లుడికి కబురు పంపింది. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి అల్లుడు ఆ తలుపులోంచి వచ్చి, వలకు అటువైపు కూర్చున్నాడు.

ఇద్దరూ ఒకే చిరుగు పట్టుకున్నారు. అతని చేతులు వణుకుతుంటే వలంతా వణుకుతోంది. ముడి వేస్తే జారిపోతోంది. అత్త ఇటువైపు నుంచి వలను బిగించి పట్టుకుంది. ఈసారి ముడి నిలిచింది.

"ఓ వలా, నీకు చెబుతున్నా" అంది అత్త. "నా చేతులూ ఇలాగే వణికేవి. తగ్గుతుంది. నెమ్మదిగా తగ్గుతుంది."

మరో రెండు ముడులు పడ్డాక అటునుంచి గొంతు వచ్చింది. "వలా, ఆ రోజు పడవలో పిల్లలు ఏడుస్తున్నారంట. నాకు వినబడనే లేదు. అదే నన్ను తినేస్తోంది."

అత్త కళ్లు తుడుచుకోలేదు. చేతులు ఖాళీ లేవు మరి.

అలా ఏడాది పైన గడిచింది. మధ్యలో ఒకసారి తప్పాడు. తిరిగొచ్చి, తప్పానని వలకే చెప్పాడు. అత్త దారం అందించింది. ఆ తర్వాత తప్పలేదు.

పడవల సంఘం కూర్చుంది. "పని ఇద్దాం. కానీ ఇతనికి పూచీ ఎవరు?" అన్నాడు పెద్ద. అందరూ చెప్పుల వంక చూసుకున్నారు. అల్లుడి గురించి అత్త నలుగురిలో మాట్లాడటం ఎవరూ ఎరగరు. వలలత్త లేచింది. ఓ పక్కన నిలబడ్డ అల్లుడికి వీపు పెట్టి, నది వైపు తిరిగి నిలబడింది.

"నేను పూచీ. రేపు మొదటి పడవ ఎక్కేది నేనూ, నా కూతురూ. మీకిష్టమైతే మీరూ ఎక్కండి."

మర్నాడు పొద్దున పడవ నిండిపోయింది. సరంగు గది ముందు కొసన ఉంటుంది కాబట్టి ఎక్కినవాళ్లంతా అటు తిరిగి కూర్చున్నారు, ఇసుకమేట ఎప్పుడొస్తుందా అని మెడలు చాచి మరీ. అత్త ఒక్కతే ఆ గదికి వీపు పెట్టి, వదిలొచ్చిన ఒడ్డును చూస్తూ కూర్చుంది. కూతురు పక్కనే ఉంది.

"అదేంటత్తా, ముందు ఏమొస్తోందో చూసుకోవా?" అంది ఎదురుగా ఉన్న కూరగాయలామె.

"నేనెందుకు చూడటం?" అంది వలలత్త, ఆ గది దాకా వినబడేలా. "మా సరంగు చూసుకుంటాడు."