ఈతమ్మ చప్పట్లు

మా ఊరి ఈత కొలనులో పంపు చూసుకునేది నేను. నీళ్ళు తోడటం, వడపోయటం, మందు కలపటం, గోడల పాచి గీకటం అన్నీ నా పనులే. కొలనుకు ఆనుకునే పంపుగది ఉంటుంది. మధ్యలో ఒకటే గోడ, ఆ గోడకు చేతికందనంత ఎత్తున చిన్న ఇనప జాలీ. నా బతుకంతా ఆ గదిలోనే గడిచిపోయింది. అయినా ఈ కథ నాది కాదు. నా గురించి చెప్పుకోవడానికి పంపు చప్పుడు తప్ప ఏముంది గనక! ఇది ఈతమ్మ కథ.

ఆవిడకు అసలు పేరొకటి ఉండేది, ఊళ్ళో ఎవరికీ దానితో అవసరం పడలేదు. ఆడపిల్లలకు ఈత నేర్పేది కాబట్టి ఈతమ్మ, అంతే. నేను అక్కా అనేవాణ్ణి. ఆవిడ నన్ను "ఏరా పంపూ" అనేది. నాకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, జుట్టు నెరిసినా నేను పంపునే. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుని పలక్కుండా ఊరుకునేవాణ్ణి.

ఈత నేర్పడంలో ఆవిడకో పద్ధతి ఉంది. పిల్లను నీళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి నడుం కింద అరచెయ్యి పెట్టేది. "నేనున్నాను, ఆకాశం చూడు" అనేది. పిల్ల ముందు కర్రలా బిగుసుకుపోయేది. ఏడ్చేది, అమ్మను పిలిచేది, ఇంటికెళ్ళిపోతాననేది. చివరికి ఎప్పుడో కాస్త వదులయ్యేది. ఆ వదులు చేతికి తెలియగానే ఈతమ్మ చెయ్యి తీసేసేది. తీసేశానని చెప్పేది కాదు. పిల్ల మొహానికి ఎదురుగా రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టేది. చప్పట్లకు రెండు చేతులూ కావాలి కదా, మరి నడుం కింద ఉన్నదేమిటి? ఆ సంగతి బుర్రకు తట్టేసరికే పిల్లకు తేలడం వచ్చేసి ఉండేది. తట్టగానే గాభరాపడి బుడుంగున మునిగినవాళ్ళూ ఉన్నారనుకోండి, వాళ్ళకు మళ్ళీ మొదటినుంచి.

కొలను తెరిచిన కొత్తలో రోజులే వేరు. పాత పెత్తందార్ల కాలం అప్పుడే పోయింది. ఇక మనల్ని ఎవరూ ఏమీ అనరన్న ధీమా అందరికీ ఉండేది. ఆడా మగా ఒకే నీళ్ళలో ఈదేవాళ్ళు. అప్పటి పురసంఘం అధ్యక్షుడు చెట్టంత మనిషి. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించి, కత్తెర పక్కవాడి చేతిలో పెట్టి, కోటు విప్పి నీళ్ళలోకి దూకేశాడు. గట్టుమీద కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులంతా తడిసి ముద్దయ్యారు. అయినా పకపకా నవ్వారు. ఈ రోజుల్లో అలా తడిపి చూడండి, తెలుస్తుంది.

ఈతమ్మ అప్పటికి పడుచు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయాడు, చంకలో కూతురు. ఆ కూతురికి నడకా ఈతా ఒకేసారి వచ్చాయి. కాస్త ఎదిగాక ఎర్రటి ఈతదుస్తులు వేసుకుని, ఎత్తు పలక ఎక్కి, అక్కణ్ణించి తలకిందులుగా దూకుతుంటే మగపిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవాళ్ళు. "కిందికి దిగవే కోతీ!" అని తల్లి కేకలేసేది. "దిగను, దూకుతా!" అని కూతురు అరిచేది. ఆ పిల్లను చూసి ఈతమ్మ లోపల ఎంత మురిసిపోయేదో నాకు తెలుసు.

మరి ఆ ఊరు ఇలా ఎప్పుడయిందంటే ఏం చెప్పను? పొద్దున లేచేసరికి మారిపోయి ఉంటే కనీసం పోట్లాడేవాళ్ళం. నూలుమిల్లు మూతపడింది. మగవాళ్ళు వీధి అరుగులకు అతుక్కుపోయారు. చేతిలో పని లేకపోతే మనిషికి భయం ఎక్కువవుతుంది. అప్పుడు కుటుంబ సంఘం అని ఒకటి వచ్చింది. ఇళ్ళు చెడిపోతున్నాయి, పద్ధతులు కావాలి అన్నారు. మగపిల్లలు అల్లరి చేస్తున్నారు, ఆడపిల్లలకు వేరే రోజులు పెడదాం అన్నారు. నిజమే, వెధవలు అల్లరి చేసేవాళ్ళు. సరే అన్నాం. కొన్నేళ్ళకు ఆ రోజులు పోయి రోజుకో గంట మిగిలింది. రోడ్డుమీంచి కనబడుతోందని చుట్టూ ఎత్తుగా రేకుల దడి కట్టారు. ఆ తర్వాత ఆడపిల్లల గంటలో కొలను దగ్గర మగ పురుగు కనబడకూడదన్నారు. మగ పురుగంటే ఎవరు, నేనే! "అయ్యా, నేను పంపుని" అన్నా వినలేదు. ఆ గంటసేపు నన్ను పంపుగదిలో పెట్టి తలుపు వేయించారు.

తమాషా ఏమిటంటే, ఆ దడి కావాలన్న ఆడవాళ్ళలో ఇంచుమించు అందరూ ఒకప్పుడు ఈతమ్మ అరచేతిమీద తేలినవాళ్ళే. వీధిలో ఎదురైతే "బాగున్నారా ఈతమ్మా" అని ఎంతో ప్రేమగా పలకరించేవాళ్ళు. కూతుళ్ళను మాత్రం పంపేవాళ్ళు కాదు. కుటుంబ సంఘంలో అందరికన్నా ముందు నడిచేది ఎవరనుకున్నారు? ఆ ఎర్ర దుస్తుల కోతే. ఈతమ్మ కన్న కూతురు.

ఒకరోజు తల్లీకూతుళ్ళు నా ఎదుటే వాదులాడుకున్నారు.

"అమ్మా, మిల్లు మూసేశాక నీ అల్లుడు మంచం దిగకుండా పడుకుంటే మా గుమ్మం తొక్కిందెవరు? నీ పాత స్నేహితులా? వాళ్ళు ఉపన్యాసాలు ఇచ్చుకుంటూ కూర్చున్నారు. సరుకులు మోసుకొచ్చింది వీళ్ళు. ఆయన్ని లేపి, పక్కన కూర్చుని, మళ్ళీ మనిషిని చేసింది వీళ్ళు. వాళ్ళనేం అనకు."

కూతురు వెళ్ళాక ఈతమ్మ నాతో అంది, "నిజమే కదరా పంపూ. అప్పుడు నేను నీళ్ళలోనే ఉన్నాను గానీ దాని ఇంట్లో లేను." నేను వాల్వు తిప్పుతూ నిలబడ్డాను.

ఆఖరికి ఆ ఒక్క గంట కూడా ఎత్తేయాలన్న మాట వచ్చింది. పురసంఘంలో ఇప్పుడు పెద్దలంతా కుటుంబ సంఘం వాళ్ళే. పిల్లలు ఎలాగూ రావట్లేదు, ఉన్న నలుగురి కోసం ఎందుకన్నారు. సభలో ఆ మాట కదపాల్సింది కూతురే. ఈతమ్మకు కొలను పోతుందన్న బెంగ కన్నా మనవరాలి బెంగ ఎక్కువైంది. ఆ పిల్లను తల్లి ఒక్కసారి కూడా నీళ్ళలో దిగనివ్వలేదు. బడి వెనకేమో నిండు కాలువ, గట్టుకు అడ్డంగా ఒక కర్ర కూడా లేదు.

"దానికి తేలడం ఒక్కటి వస్తే చాలురా. తర్వాత కొలను మూసుకుంటారో పూడ్చుకుంటారో వాళ్ళిష్టం" అనేది.

అనడమే కాదు, ఒకనాడు బడి వదలగానే మనవరాల్ని తిన్నగా కొలనుకు తీసుకొచ్చేసింది. తల్లికి చెప్పలేదు. నేను పంపుగదిలో ఉన్నాను, తలుపు వేసే ఉంది. జాలీలోంచి వినడం తప్ప నాకు వేరే దారి లేదు కాబట్టి పంపు ఆపేసి చెవులు రిక్కించి విన్నాను.

"అమ్మమ్మా, చెయ్యి ఉందా?"

"ఉందే, నేనున్నాను. ఆకాశం చూడు."

"చూస్తున్నా. చెయ్యి ఉందా?"

ఇంకాసేపట్లో చప్పట్లు వినబడతాయని కాచుకుని ఉన్నాను. వాటికి బదులు దడి తలుపు ధడేలుమంది. ఎవరు చెప్పారో ఏమో, కూతురు వచ్చేసింది.

"ఎన్నిసార్లు చెప్పానమ్మా నీకు! నా పిల్లని నాకు తెలీకుండా తెస్తావా? ఏయ్, బయటికి రా! రమ్మంటున్నానా!"

తల్లి కేకకు పిల్ల బెదిరిపోయి బిగుసుకుపోయింది. నీళ్ళు మింగింది. ఆ దగ్గు నాకు వినబడింది. ఈతమ్మ చేతులు పిల్ల కిందే ఉన్నాయి, ఎత్తేసేది, భయమేమీ లేదు. కానీ అంతలోకే ధబ్బున పెద్ద చప్పుడైంది. తర్వాత అక్క చెప్పింది, కూతురు నిండు బట్టలతో, చెప్పులతో, భుజాన సంచీతో సహా దూకేసిందట.

ముందు పిల్ల వెక్కిళ్ళు వినబడ్డాయి. ఆ తర్వాత కూతురి గొంతు, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.

"ఏడవకు. నేనున్నాను. ఆకాశం చూడు."

ఎన్నేళ్ళయిందో ఆ కోతి నీళ్ళలో దిగి! ఈ మాటలు మాత్రం పొల్లుపోకుండా ఉన్నాయి. నేను గోడకు చెవి ఆనించాను. కాసేపటికి చప్పట్లు వినబడ్డాయి. అవి ఈతమ్మ చప్పట్లు కావు. ఈతమ్మ చప్పట్లు నింపాదిగా ఉంటాయి, ఇవి గబగబా కొట్టేసిన చప్పట్లు.

సభ రోజున నేనూ వెళ్ళాను. పంపు సంగతులు అడుగుతారేమోనని పిలిచారు, ఎవరూ ఏమీ అడగలేదు. ఈతమ్మ వెనక బల్లమీద నా పక్కనే కూర్చుంది. కూతురు లేచి నిలబడింది.

"పిల్ల పక్కన తల్లి ఉండాలన్నది మన సంఘం మాటే కదా. అయితే గంట ఉంచుదాం. తల్లి వెంట వచ్చిన పిల్లే నీళ్ళలో దిగాలి. తల్లే దగ్గరుండి నేర్పాలి."

ఇప్పటి అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకున్నాడు. ఇది ఆయన అనుకున్న మాట కాదు. కాదనడానికీ లేదు, ఆయన రోజూ చెప్పే మాటే.

"బాగానే ఉందమ్మా. కానీ తల్లికి ఈత రావద్దూ?"

"ఇక్కడ కూర్చున్న తల్లుల్లో ఎవరికి రాదో చెయ్యెత్తమనండి."

ఒక్క చెయ్యి లేవలేదు. ఆడవాళ్ళు ముందు తలలు దించుకున్నారు. తర్వాత ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఇంకొకావిడ ఆవిణ్ణి మోచేత్తో పొడిచి తనూ నవ్వింది. ఈతమ్మ నా పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

అధ్యక్షుడు ఊరికే ఒప్పుకుంటాడా? "సరే, కానీ ఒక్క మాట. తల్లులంటే తల్లులే. జీతం మీద నేర్పే మనిషి లోపల ఉండటానికి వీల్లేదు. ఆ పాత పద్ధతులు ఇక వద్దు."

కూతురు వెనక్కి తిరిగి తల్లికేసి చూసింది. ఈతమ్మ తలూపింది. చిన్నపిల్లను నీళ్ళలోకి దిగమన్నప్పుడు ఎలా ఊపేదో అలాగే. కూతురు ముందుకు తిరిగి, "సరేనండి" అంది.

బయటికొచ్చాక ముగ్గురం నడుస్తున్నాం.

"నిన్ను బయట పెట్టేశానమ్మా."

"పెట్టేశావు."

"నీకు కోపం రావట్లేదా?"

"ఎందుకు రాదు, వస్తోంది. ఇంటికెళ్ళాక తిడతాను. ముందు పిల్లకి కాళ్ళు ఎలా ఆడించాలో చెబుతా విను, ఆ రోజు నువ్వు దాని మోకాళ్ళు వంగనిచ్చావు."

తల్లుల గంట మొదలైన రోజున ఈతమ్మ మామూలు వేళకే వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది? దడి తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగి, లోపలికి పోకుండా నా గదిలోకి వచ్చింది. నేను బకెట్టు బోర్లించి వేస్తే దానిమీద కూర్చుంది.

"నీ పంపు కాసేపు ఆపరా. చెవులు గింగురుమంటున్నాయి."

ఆపాను. అవతలినుంచి అంతా స్పష్టంగా వినబడసాగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయని ఒకావిడ కెవ్వుమంది. ఎన్నేళ్ళకు దిగానే అని ఇంకొకావిడ. ఒకళ్ళమీద ఒకళ్ళు నీళ్ళు జల్లుకుంటున్నారు, పిల్లలకన్నా వాళ్ళ అల్లరే ఎక్కువగా ఉంది. తర్వాత ఒక్కొక్క మూలనుంచీ అదే మాట, ఒక్కొక్క గొంతులో. "నేనున్నాను." "నేనున్నానుగా." "ఆకాశం చూడమ్మా, నన్ను కాదు."

చప్పట్లు వినబడ్డాయి. వెంటనే బుడుంగుమంది.

"తొందరపడింది," అంది ఈతమ్మ. "వేలికి తెలియాలి. ఇంకొంచెం ఆగాలి." ఆవిడ కుడి అరచెయ్యి ఒళ్ళో వెల్లకిలా తెరుచుకునే ఉంది. అది ఆవిడ చూసుకోలేదు.

మళ్ళీ చప్పట్లు. ఈసారి మునగలేదు. తర్వాత ఇంకో చోట, ఇంకో చోట. ప్రతిసారీ ఆవిడ ఎవరి చప్పట్లో చెప్పేది. ఇది కుట్టుపనావిడ, ఇది టీచరమ్మ, ఇది ఆ పొట్టిది, చిన్నప్పుడు నా చెయ్యి కొరికేసింది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. తల వంచుకుని కూర్చుంది. నలభయ్యేళ్ళు ఆ నీళ్ళలో నిలబడిన మనిషి గోడకు ఇవతల బకెట్టు మీద కూర్చుంటే నాకు ఊరంతటిమీదా కోపం వచ్చింది.

అప్పుడు గోడకు అవతల, సరిగ్గా జాలీ కిందే, గబగబా చప్పట్లు కొట్టారు ఎవరో. అక్కడ నీళ్ళు లేవు, ఉత్త గట్టు. పిల్లలెవరూ తేలే చోటు కాదు.

"అమ్మా," అంది కూతురు గొంతు, మెల్లిగా. "ఉన్నావా?"

ఈతమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. జాలీ అందక రెండు అరచేతులూ గోడకే ఆనించింది.

"ఉన్నానే," అంది. "తేలుతూనే ఉన్నాను."

నా ముక్కు చీదుడు వాళ్ళకు వినబడకుండా నేను పంపు వేసేశాను.