పురుగును చంపని పురుగుల డాక్టరు

మా కోప్ ఏ పురుగునూ చంపడు. అందులో వింతేముంది, భిక్షువులూ చంపరు కదా అంటారేమో. భిక్షువులకు ఆ పనికి జీతమివ్వరు. కోప్ ఉద్యోగమే మా జామతోటల్లో పండుఈగల వంశం లేకుండా చేయడం.

కోప్ అంటే మా థాయ్ భాషలో కప్ప, వాళ్ళమ్మ పెట్టిన ముద్దుపేరు. ఈగ జోలికి పోని కప్పను బ్యాంకాక్ నుంచి మా కాలువగట్టుకు పంపారని ఊరంతా నవ్వుకుంది. అతను మా ఇంట్లోనే అద్దెకుండేవాడు. అన్నంలో చీమ కనబడితే చెంచాతో ఎత్తి కిటికీ దాకా సాగనంపి వచ్చేసరికి చేపల పులుసు చల్లారిపోయేది. దోమ కుట్టినా అంతే.

"తాగనివ్వండి పెద్దమ్మా, ఆడది, గుడ్లు పెట్టుకోవాలి" అనేవాడు నాతో.

అతని వైద్యమూ వింతే. ప్రయోగశాలలో మగ ఈగల బీజంలో ఏదో చిన్న మార్పు చేసి, తెచ్చి తోటలో వదులుతాడు. అవి పెళ్ళిళ్ళు చేసుకుంటాయి, సంసారం చేస్తాయి. పెట్టిన గుడ్లు మాత్రం పిల్లలు కావు. పక్కింటి బున్లువా తోటలో మొదటి బుట్ట విప్పిన రోజున బున్లువా నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఉన్నవి చాలవనా నాయనా, బుట్టెడు తెచ్చావు?"

"ఇవి పెళ్ళికొడుకులు బాబాయ్."

"మరి పెళ్ళికూతుళ్ళకు ఓలి ఎవడు కడతాడు?"

వేళాకోళమే గానీ అతని గుండెల్లో దిగులుంది. కిందటి కాపంతా ఈ ఈగల పురుగుల పాలైంది. మందు కొడితే కాయ దక్కుతుంది, కానీ ఆ మందుతోనే అతనికి దగ్గు పట్టుకుంది. "ఈ కాపు వరకూ చూస్తా. ఆపైన పంపు భుజానేసుకుంటా" అన్నాడు.

ఈగలు తగ్గాయో లేదో చూడడానికి కోప్ చెట్లకు వలబుట్టలు కట్టాడు. ప్రాణం తీయని బుట్టలు, అతను కట్టేవి మరెలా ఉంటాయి? వారాలు గడిచినా బుట్టలు ఖాళీ. అతను వాటివైపు చూడనైనా చూడక, తెల్లారగానే రాలిన జామకాయలు లుంగీలో ఏరుకొచ్చి మా అరుగు మీద కోస్తూ కూర్చునేవాడు. ఇంత చదువూ కాయలు తరగడానికా అని జనం జాలిపడ్డారు.

ఒకనాడు బున్లువా నిజంగానే పంపు తగిలించుకుని వచ్చాడు.

"మొన్న కాయలో పురుగు చూశాను. నీ బుట్టల్లో మాత్రం ఒక్క ఈగ లేదు. ఎవర్ని మోసం చేస్తున్నావు?"

వెనకే వచ్చిన అతని భార్య లమ్‌దువాన్ చేతులు జోడించింది. "అబ్బాయినేమీ అనకు. బుట్టలు విప్పింది నేను."

పుణ్యదినాన మేమంతా కాలువలో చేపల్ని వదులుతాం. ఆమె ఈగల్ని వదిలింది.

"ఆ పుణ్యం నీకు చెంది దగ్గు తగ్గాలని నీళ్ళు కూడా ధారపోశాను" అంది.

"తెలుసు పిన్నీ" అన్నాడు కోప్.

"తెలిసీ ఊరుకున్నావా?" అందామె.

"మీరు మొక్కుకుంటుంటే విన్నాను. నా లెక్కకు రాలిన కాయలున్నాయిగా."

కోప్ ఆ రోజు రాలిన కాయల్ని బున్లువా కళ్ళెదుటే కోశాడు. మొదట్లో సగానికి సగం పుచ్చులుండేవి. ఇప్పుడు కాయలన్నీ కోస్తే ఒక్క పురుగు. దాన్ని ఆకు మీదికెత్తి జాగ్రత్తగా నీడన పెట్టాడు. బున్లువా కోడి వచ్చి ఠక్కున మింగింది. కోప్ కళ్ళు మూసుకున్నాడు.

"ఇదెవరి పాపం?" అడిగాడు బున్లువా, పంపు దించుతూ.

"నా పని అది చేసింది బాబాయ్. నా జీతంలో సగం దానిదే."

తర్వాతి పుణ్యదినాన కోప్ తెచ్చిన కొత్త ఈగల బుట్టను బున్లువా తనే విప్పాడు. "పోండి, పెళ్ళికొడుకుల్లారా" అన్నాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, నీళ్ళు ధారపోస్తూ, "ఇది మా కప్పకు" అని గొణిగాడు.