చుట్టు కలిసేదాకా అమ్మ లేవదు

నా చిన్నప్పుడు మా కోరుట్ల ఇంట్లో ఒక నియమం ఉండేది. దాన్ని పెట్టింది మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి. చెడగొట్టింది నేను. అప్పుడు నాకు పదేళ్లు. ఆ తర్వాత జీవితమంతా ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడాను, వాదించాను, తిట్లు తిన్నాను. మీ మొదటి గెలుపు ఏదని ఎవరైనా అడిగితే మాత్రం ఈ సంగతి చెప్పను. అది గెలుపు కాదని నాకు కొద్ది రోజుల్లోనే తెలిసింది.

మా వైపు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు మహారాష్ట్రలోని భీవండిలో మగ్గాల మీద పనిచేసేవాడు. ఇంట్లో తాత, బాపమ్మ, అమ్మ, నేను, మూడేళ్ల తమ్ముడు, ఇంకా బట్టల దుకాణంలో పనిచేసే కాక ఉండేవాళ్లం. కాక మా బాపుకు తమ్ముడు, అప్పటికి పెళ్లి కాలేదు. అమ్మ పొద్దున్నే వంట ముగించి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసేది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మధ్యలో పొయ్యి మీది పప్పు చూడడం, తమ్ముడి ముక్కు తుడవడం, అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి జరిగేవి. సాయంత్రం నాలుగింటికి బీడీల కట్టలు కార్ఖానాలో అప్పజెప్పి వచ్చేది. అక్కడి నుంచి రాత్రి వంట మొదలయ్యేదాకా ఒక గంట ఖాళీ దొరికేది. దొరికేది అని రాశాను గాని, దొరికినట్టు కనిపించేది అంటేనే సరి.

ఆ ఏడాది ఆ గంటలో అమ్మ ఒక బొంత కుట్టాలనుకుంది. సిరిసిల్లలో ఉండే మా చిన్నమ్మ, అమ్మకు ఒక్కతే చెల్లెలు, మొదటిసారి కడుపుతో ఉంది. వాళ్లిద్దరి తల్లి చిన్నమ్మ పాలు మరవకముందే చనిపోయిందట. ఆమెవి మిగిలినవి రెండే చీరలు, ఒకటి ఆకుపచ్చది, ఒకటి వంకాయ రంగుది. వాటిని అమ్మ పెళ్లినాటి పెట్టెలో అడుగున దాచుకుంది. చిన్నమ్మకు తల్లి ముఖం కూడా గుర్తు లేదు. పుట్టే బిడ్డను తొట్టెలో, అంటే ఉయ్యాలలో, వేసే రోజున ఆ బిడ్డ ఒంటికింద అమ్మమ్మ చీర ఉండాలని అమ్మ పట్టు. మాకు ఆ వేడుక ఇరవయ్యొకటో రోజున చేస్తారు. పైన ఒక చీర, కింద ఒక చీర, నడుమ పాత ధోతి ముక్కలు పరిచి, అంచు నుంచి కుట్టు మొదలుపెట్టి చుట్టూ తిరిగి మళ్లీ మొదటి కుట్టును కలుపుతారు. తర్వాత వేలి మందం లోపలికి జరిగి ఇంకో చుట్టు. అలా నడిమి దాకా పోవాలి. ఒక చుట్టుకు ఇంచుమించు గంట పడుతుంది.

మొదటి పదిహేను రోజుల్లో అమ్మ ఒక్క చుట్టు కూడా పూర్తి చేయలేకపోయింది. బొంత పరిచి కూర్చోగానే తాతకు దాహం వేసేది. కాకకు అంగీ గుండీ ఊడిపోయిన సంగతి అప్పుడే గుర్తొచ్చేది. తమ్ముడు ఎక్కడో పడేవాడు. నేనూ తక్కువదాన్ని కాదు, ఆడుకోవడానికి పోతూ జడ వేయమని వీపు తిప్పి నిలబడేదాన్ని. పిలిచిన ప్రతిసారీ అమ్మ సూదిని బట్టలో గుచ్చి లేచేది. తిరిగి వచ్చేసరికి వంటకు వేళయ్యేది. ఎవరిలోనూ దుర్మార్గం లేదు. అమ్మ కూర్చుంటే ఆమె ఊరికే ఉందని అందరం అనుకున్నాం, అంతే.

ఒకరోజు పొద్దున అందరం చాయ్ తాగుతుంటే బాపమ్మ ఉన్నట్టుండి ముఖం గంభీరంగా పెట్టింది. "పసిపిల్లల బొంత కుట్టేటప్పుడు సూది గుచ్చినంక చుట్టు కలిసేదాక కుట్టే మనిషి లేవద్దు. నడుమ లేస్తే గా బొంత మీద పండే పిల్లకు నిద్ర పట్టది" అంది. తాత గతుక్కుమన్నాడు. "గిది ఇన్నాళ్లు చెప్పకపోతివేందే?" అంటే, "ఇన్నాళ్లు మన ఇంట్ల ఎవలు కుట్టనిచ్చిండ్రు?" అని ఆమె గ్లాసు కింద పెట్టింది.

ఆ సాయంత్రం నుంచి ఇంటి నడక మారిపోయింది. తాత తానే లేచి కుండలో చెంబు ముంచుకున్నాడు. కాక తన గుండీ తానే కుట్టుకున్నాడు, తర్వాత చాయ్ పెట్టడానికి కూడా తయారయ్యాడు. మొదటిరోజు ఆ చాయ్ నోట్లో పోసుకుని తాత, "గిది చాయ్ గాదురా, బర్రెకు పెట్టే కుడితి" అన్నాడు. కాక వెంటనే, "బర్రె గిట్ల వంకలు పెట్టదు నాయినా, సప్పుడు చెయ్యక తాగుతది" అన్నాడు. అమ్మ తల ఎత్తకుండానే నవ్వింది. అమ్మ ముఖంలో అంత నిదానం నేను అంతకుముందు చూడలేదు. రోజుకొక చుట్టు కలుస్తూ వచ్చింది.

ఆ రోజుల్లోనే మా బడికి కొత్త సైన్సు సారు వచ్చాడు. పిల్లి ఎదురొస్తే ఆగే వాళ్లను, తుమ్మితే మళ్లీ కూర్చునే వాళ్లను చూసి మీరూ భయపడొద్దని, ఎందుకు అని అడగమని, చేసి చూడమని చెప్పాడు. ఆయన మాటలకు నాకు హుషారెక్కింది. అడగడానికి, చేసి చూడడానికి మా ఇంట్లోనే ఒక సరుకు సిద్ధంగా ఉంది.

మర్నాడు అమ్మ చుట్టు సగంలో ఉండగా నేను పెరట్లో కట్టెల దగ్గరికి పోయి, "అవ్వా, తేలు!" అని కేక పెట్టాను. అమ్మ ఒక్క ఉదుటున లేచి పరుగెత్తుకొచ్చింది. ఆ తొందరలో సూది ఆమె బొటనవేలికి దిగింది. నా కాళ్లు, చేతులు తడిమి చూసింది. తేలు లేదని చెప్పాను. కోప్పడలేదు. "లేదా? సూటిగ చెప్పు, లేదా?" అని రెండుసార్లు అడిగి ఊపిరి తీసుకుంది. వేలి నుంచి రక్తం వస్తున్న సంగతి ఆ తర్వాత చూసుకుంది.

నా ప్రయోగం ఇంకా సగమే అయింది. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం తమ్ముణ్ని ఆ సగం కుట్టిన బొంత మీదే పడుకోబెట్టాను. వాడు మూడు గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. సాయంత్రం అందరూ ఉన్నప్పుడు నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు జరిగినదంతా చెప్పాను. అమ్మ నడుమ లేచింది, తమ్ముడు హాయిగా పండుకున్నాడు, కాబట్టి బాపమ్మ చెప్పింది అబద్ధం. తాత తొడ మీద చరిచి నవ్వాడు. "పోరి వకీలయితది!" అన్నాడు. అందరికంటే కాకకే ఎక్కువ సంతోషమైంది. "ఇగ పీడ పోయింది. వదినా, సాయంత్రం పూట నీ చేతి చాయ్ తాగి నెల దాటింది, జర పెట్టరాదు!" అన్నాడు. అమ్మ సూదిని బట్టలో గుచ్చి లేచింది. బాపమ్మ నన్ను ఒకసారి చూసింది.

నా నియమభంగం వల్ల ఎవరి నిద్రా చెడలేదు. అమ్మ గంట మాత్రం పోయింది. మళ్లీ నీళ్లు, గుండీలు, జడలు. కొద్ది రోజులు బొంత పరిచి చూసింది, తర్వాత మడిచి దండెం మీద వేసింది. అంతలో సిరిసిల్ల నుంచి కబురొచ్చింది, చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఇంకా ఏడు చుట్లు మిగిలి ఉన్నాయి. అమ్మ దండెం వైపు చూసి, "పోనియ్యి, దుకాణంల చెద్దరు కొనుక్కపోదం" అంది. బట్ట నేసే సిరిసిల్లకే చెద్దరు కొనుక్కుపోవడం ఏమిటని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆ మాట అన్నప్పుడు అమ్మ గొంతులో ఏమీ లేదు. ఏడ్చి ఉంటే నేను తట్టుకునేదాన్నేమో.

నేను బాపమ్మ దగ్గరికి పోయాను. ఆమె వాకిట్లో బియ్యం ఏరుతోంది. తప్పు ఒప్పుకోవడం ఇష్టం లేక నిలదీసినట్టే అడిగాను, నువ్వు అబద్ధం చెప్పావు కదా అని.

"చెప్పిన బిడ్డా, అబద్ధమే" అంది. "నిజం గూడ చెప్పి చూసిన. కోడలు జరంతసేపు కూసుంటది, పిలువకున్రి అంటే ఎవలన్న ఇన్నరా? నిద్ర పట్టదంటే ఇన్నరు." చాటలోంచి ఒక రాయి తీసి పారేసింది. "నువ్వు అబద్ధం తీసేసినవ్, మంచిదే. నీ సారు చెప్పింది తప్పు గాదు. గని గా అబద్ధం కింద మీ అవ్వకు ఒక గంట ఉండె. గా గంట ఏడ పెట్టినవ్? తెచ్చియ్యి."

ఆమె లేచి నన్ను లోపలికి తీసుకుపోయి తన రేకు పెట్టె తెరిచింది. అడుగున ఒక మడత. రంగు వెలిసిన చిన్న బొంత, అంచు నుంచి రెండు చుట్లు, మూడో చుట్టు సగంలో సూది. సూది తుప్పు పట్టి బట్టలో అతుక్కుపోయింది. చుట్టూ గోధుమరంగు మరక.

"మీ బాపు కడుపుల ఉన్నప్పుడు మొదలుపెట్టిన."

"ఎందుకు ఆపినవ్?"

"ఆపలే బిడ్డా. ఎవలో పిలిచిండ్రు."

మరుసటి సాయంత్రం అమ్మ కార్ఖానా నుంచి రాగానే బొంతను నేనే దించి పరిచాను. అమ్మను కూర్చోబెట్టి, గది గడపలో అడ్డంగా కూర్చున్నాను. చుట్టు కలిసేదాకా అవ్వ లేవదు, ఎవరికి ఏం కావాలన్నా నన్ను అడగండి, లేకపోతే మీరే చేసుకోండి అన్నాను. తాత నవ్వాడు. "మళ్ల గదే కథనా? నువ్వే గద అబద్ధమంటివి. లేస్తే ఏమైతది?"

"ఏం కాదు తాతా. బొంత పూర్తి కాదు, గంతే."

అది నేను ఆ తర్వాత చేసిన ఉపన్యాసాలన్నిటికంటే చిన్నది. తాత మోకాలి మీద చెయ్యి పెట్టి లేచి, కుండ దగ్గరికి పోయి చెంబు ముంచుకున్నాడు. కాక అంత తేలిగ్గా లొంగలేదు. అబద్ధమే నయముండె, దానికి భయపడితే చాలు, దీనికైతే సిగ్గుపడాల్సి వస్తున్నదని గొణిగాడు. నాలుగు రోజులు చాయ్ నేనే పెట్టాను, తమ్ముణ్ని నేనే ఎత్తుకు తిప్పాను, జడ వంకరగా వేసుకుని బడికి పోయాను. ఐదో రోజు కాక దుకాణం నుంచి వచ్చి, చాయ్ పెట్టడానికి పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

అన్నిటికంటే కష్టమైంది అమ్మతోనే. ఎవరూ పిలవకపోయినా ఆమె లేచేది. గిన్నె చప్పుడైతే లేచేది, తమ్ముడు దగ్గితే లేచేది. ఒకసారి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందని లేచింది. అప్పుడల్లా బాపమ్మ పక్క నుంచి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, "కూసో పిల్లా" అనేది. ఒక మనిషికి తన గంట తనదే అని నమ్మకం కలగడానికి ఇన్ని రోజులు పడుతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆఖరి చుట్టు ప్రయాణం రోజు పొద్దున దాకా మిగిలింది. అమ్మ కుడివైపు, బాపమ్మ ఎడమవైపు కుట్టుకుంటూ వచ్చారు. నడుమ జానెడు చోటు నాకిచ్చారు. నా కుట్లు చీమలు దారి తప్పినట్టు వచ్చాయి. విప్పి మళ్లీ కుడతానంటే అమ్మ వద్దంది.

సిరిసిల్లలో చిన్నమ్మ ఆ బొంతను చేతుల్లోకి తీసుకుని, ఆకుపచ్చ అంచును వేలితో చాలాసేపు రాసింది. గిది అవ్వ చీరేనా అని ఒక్కసారి అడిగింది. అమ్మ తలూపింది. పాపను బొంత మీద పడుకోబెట్టారో లేదో అది గుక్కపట్టి ఏడ్చింది. కాక నా చెవి దగ్గర వంగి, "చూసినవా వకీలమ్మా? మీ అవ్వ ఆనాడు నడుమ లేసింది గద!" అన్నాడు. నేనూ ఒక్క క్షణం నమ్మాను, ఒప్పుకుంటున్నాను. బాపమ్మ తొట్టెలోకి తొంగి చూసి, "ఆకలైందిరా పిచ్చోడా, పాలియ్యమను" అంది. పాలు తాగి పాప ఆ బొంత మీదే పొద్దుగూకేదాకా పడుకుంది.

ఇప్పుడు మేం జగిత్యాలలో ఉంటున్నాం. మా కోడలు ఇంట్లోనే జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది, చాలా బాగా చేస్తుంది. సాయంత్రం ఆమె మగ్గం ముందు కూర్చున్నప్పుడు మా అబ్బాయి వంటింట్లో ఉంటాడు. అతనికి అది తాతలనాటి ఆచారమేమీ కాదు, మొదట్లో నేను గడపలో కూర్చోవాల్సి వచ్చింది. బాపమ్మ బొంత నా దగ్గరే ఉంది. మూడో చుట్టు పూర్తి చేద్దామా అని కోడలు అడిగింది. సూది తీయొద్దన్నాను. ఆ సూది ఎక్కడ ఆగిందో కనపడాలి.

మూఢనమ్మకాల మీద నా కోపం వయసుతో చల్లారలేదు. ఇప్పటికీ కొడిమ్యాల వైపు, మల్యాల వైపు ఊళ్ల నుంచి పిలుపులు వస్తాయి, పోతాను. అబద్ధాన్ని అబద్ధమనే అంటాను. కాని అనే ముందు దాని కింద ఎవరైనా తలదాచుకున్నారేమో చూస్తాను. ఉంటే, వాళ్లకు నిలువ నీడ ఏదని ఆ ఇంటివాళ్లను అడుగుతాను. ఎవరింటి వాకిట్లోనైనా నలుగురు చేరినప్పుడు నాకు చాయ్ తెచ్చి ఇస్తారు. తెచ్చినామె గ్లాసు అందించి లోపలికి తిరుగుతుంది. ఆమెను పిలిచి పక్కన చోటు చూపిస్తాను. ఆమె కూర్చున్నాకే మాట మొదలుపెడతాను.