అత్త పాటకు పెంచిన సౌండు

మా మేనత్తకు మెడ దగ్గర గడ్డ లేచింది. ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ చేయాలన్నారు. గొంతు మారిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడట. ఆమె జూలూరుపాడు దగ్గర పత్తి చేలల్లో కూలికి పోయేది. పత్తి ఏరుతూ ఆమె పాట ఎత్తుకుంటే పక్క సాళ్లలోని ఆడవాళ్లు మాటలు ఆపేవారు. పెద్ద గొంతేమీ కాదు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడేది.

ఆపరేషన్‌కు వారం ముందు, పాల్వంచలో నేను పనిచేసే రికార్డింగ్ స్టూడియోకు వచ్చింది.

"గొంతు పోకముందే దాచిపెట్టు బిడ్డా," అంది.

ఫ్యాన్ ఆపి ఒక్క పాట రికార్డు చేశాను. నడుమ ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా పడింది. ధ్వనిలో రవ్వంత కూడా పోకుండా కుదించే ఫైలుగా సేవ్ చేశాను.

మర్నాడు మా ఓనర్ ఫోల్డర్ చూశాడు. అంతే నిడివి ఉన్న పెళ్లి డీజే పాట పక్కన అత్త పాట ఫైలు సైజు సగం కూడా లేదు.

"ఏంది తమ్మీ, గింత చిన్నగున్నది? పాట ఎగిరిపోయిందా?"

"ఏం పోలేదన్నా. ముందటి ధ్వనిని బట్టి తర్వాతది ఎట్లుంటదో కంప్యూటర్ అంచనా వేస్తది. అంచనా తప్పినంత మేరకే రాసుకుంటది. అత్తది ఒక్క గొంతు, మెల్లగ పాడింది. తప్పేది తక్కువ. డీజేల అన్నీ ఒక్కసారే గట్టిగ మోగుతయ్. గందుకే అది పెద్దగైతది."

"అంటే మీ అత్త పాటల సరుకు లేదన్నట్టు," అని నవ్వాడు. "సౌండ్ పెంచి బీట్ వెయ్. మన ఛానెల్‌ల పెడదాం."

నాకు సిగ్గేసింది. అతను అన్నది తప్పని తెలిసి కూడా సిగ్గేసింది. గొంతు చీలేదాకా సౌండ్ పెంచాను. ఊపిరి చప్పుళ్లు కోసేశాను. డప్పు కలిపాను. అదే పేరుతో సేవ్ చేస్తే పాతది చెరిగిపోయింది. కొత్త ఫైలు డీజే పాటంత అయింది. అది చూసి సంతోషపడ్డాను కూడా. ఓనర్ దాన్ని యూట్యూబ్ ఛానెల్‌లో పెట్టాడు.

ఆపరేషన్ అయిన రెండు నెలలకు అత్త వచ్చింది. మాట గుసగుసలా వస్తోంది. హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. కొంచెం విని తీసేసింది.

"నేను గిట్ల అరిసిన్నా? మెల్లగ పాడిన గదరా. గది ఏది?"

సౌండ్ తగ్గించి మళ్లీ పెట్టాను. అరుపు చిన్నగా వినిపించింది, అంతే. పాతది లేదని చెప్పాను. ఆమె తిట్టలేదు. చీర కొంగుతో మెడ మీది కుట్ల గుర్తు కప్పుకుని బస్సుకు వెళ్లిపోయింది.

మొన్న వాళ్ల వీధిలో పెళ్లి బరాత్‌లో ఆ పాటే పెట్టారు. పిల్లలు ఎగురుతున్నారు. అత్త గడపలో నిలబడి ఉంది, నేను పక్కనే ఉన్నాను.

"ఎవరు పాడిన్రు పెద్దమ్మా?" అని పక్కింటి కోడలు అడిగింది.

"ఏమో బిడ్డా," అని అత్త లోపలికి పోయింది.