తువ్వాలు కప్పిన ఎముకలు

నాపరాళ్ళ మీద నీళ్ళు చల్లినప్పుడు లేచే పచ్చి వాసన నాకు ఇప్పటికీ పడదు. ఆ వాసన తగిలితే మస్తాన్ మాస్టారు కళ్ళముందు నిలబడతారు. ఎనభైల్లో గురజాల దగ్గర హైస్కూల్లో నేను కొత్తగా లెక్కల టీచరుగా చేరేనాటికి ఆయన అక్కడ సైన్సు చెబుతున్నారు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక దవడ ఎముక ఉండేది, నా చూపుడు వేలంత. ఊరి నాపరాళ్ళ క్వారీలో, రాతి పగులులో పేరుకున్న ఎర్రమట్టిలో దొరికిందట.

"కుక్కదేనమ్మా. మన ఊరకుక్కది కాదు, నక్కదీ కాదు. ఎప్పుడో ఈ గుట్టల్లో తిరిగిన చిన్న అడవికుక్క. దాని జాతే లేదిప్పుడు" అనేవారు. స్టాఫ్‌రూములో ఆయనకు కుక్కల మాస్టారని పేరు పెట్టారు. పట్నంలో ఒక ప్రొఫెసరు మాత్రం, పుర్రె చూపిస్తే నమ్ముతానన్నాడు.

ఒక ఆదివారం, పని లేని క్వారీలో, అదీ దొరికింది. పక్కటెముకలు, కాళ్ళు, మట్టిముద్దలో ఇరుక్కున్న పుర్రె. కదిలిస్తే పొడైపోతుందని భయం. కాపలా ఉండమని చెప్పడానికి అక్కడ మనిషి లేడు. ఎండ తగలకుండా తన తెల్ల తువ్వాలు కప్పి, ప్రొఫెసరును తీసుకురావడానికి సాయంత్రం బస్సుకే బయలుదేరారు.

"ఇంక నన్నెవురూ పిచ్చోడనరమ్మా" అన్నారు నాతో. ఆ ముఖంలో అంత సంతోషం అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మంగళవారం వాళ్ళిద్దరితో పాటు నేనూ క్వారీకి వెళ్ళాను. గుంట ఖాళీగా ఉంది. రాళ్ళు మోసే కోటమ్మ కొంగు సర్దుకుంటూ ముందుకొచ్చింది.

"తెల్లగుడ్డ కప్పుంటే ఎవురి పసిబిడ్డో అనుకున్నాం సారూ. దిక్కులేకుండా అట్టా వదిలేసి పోయారే అని చానా ఏడ్చాం. ఆ గుడ్డలోనే మూటగట్టి కృష్ణలో కలిపొచ్చాం."

"తలకాయ కూడానా?" అన్నారు మాస్టారు.

"మట్టిముద్దతో సహా. ఒక్కటీ మిగల్చలా. ఏంది సారూ, తప్పు చేశామా?"

మాస్టారు జేబులోని దవడను తడుముకున్నారు. "లేదమ్మా. మంచి పనే చేశారు" అన్నారు.

ప్రొఫెసరు ఆ దవడను అటూ ఇటూ తిప్పి చూసి, "ఊరకుక్కది అయ్యుంటుందిలెండి" అని వచ్చిన దారినే బస్సెక్కాడు. ఆ ప్రొఫెసరు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆ తర్వాత మాస్టారు పాఠాలు చెప్పారు, జీతం తీసుకున్నారు, అంతే. భుజాన తువ్వాలు వేసుకోవడం మానేశారు. రిటైరైన రోజు దవడను నా చేతిలో పెట్టి, "నువ్వైనా నమ్మావా?" అని అడిగారు. నమ్మానన్నాను. ఆ మాటను ఆయన నమ్మలేదు.

గొంతుదాకా వచ్చిన మాటను మింగడం, కోటమ్మ ముందు నిలబడ్డ ఆయన్ను చూసే నేర్చుకున్నాను. దానివల్ల నాకూ ఒరిగిందేమీ లేదు. క్వారీ ఇప్పుడు నీళ్ళు నిండిన గొయ్యి. దవడ నా బీరువాలో ఉంది, ఎవరికివ్వాలో తెలియదు. నేను పోయాక మావాళ్ళు నా అస్థికలతో పాటు దాన్నీ కృష్ణలో కలిపేస్తారు. మంచి పనే చేశామనుకుంటారు.