మొసళ్లను చూపించే పుట్టి

మా నాయిన మొసళ్లను చూపించి మమ్మల్ని సాకాడు. ఈ మాటంటే మా మనవళ్లు నవ్వుతారు. నవ్వనీ. మేళ్లచెరువు అవతల కృష్ణ ఒడ్డున మాది బెస్త ఇల్లు. వల మీద వచ్చేది సగం కడుపుకే సరిపోయేది. మిగతా సగం చలికాలంలో వచ్చే చుట్టాలు నింపేవాళ్లు. చుట్టాలంటే నిజం చుట్టాలు కాదు, నదిని చూడవచ్చే పట్నం మనుషులను మేమలా పిలుచుకునేవాళ్లం. సూర్యాపేట నుంచి ఒక డాక్టరు, కోదాడ నుంచి ఒక పంతులమ్మ, మిర్యాలగూడ నుంచి వడ్ల వ్యాపారులు, ఇట్లా ముగ్గురూ నలుగురూ కలిసి బస్సు దిగి బండి కట్టించుకుని వచ్చేవాళ్లు. రజాకార్ల గొడవల్లో కొన్నేళ్లు ఎవరూ రాలేదు. పోలీసు చర్య జరిగి దారులు కాస్త కుదుటపడ్డాక మళ్లీ రావడం మొదలుపెట్టారు. నేను చెప్పేది ఆ చలికాలం సంగతి.

నాయినకు రెండు పుట్టిలుండేవి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లిన పెద్ద బుట్టకు తోలు తొడిగితే అదే పుట్టి. చిన్నదానిలో మా అక్క ముందు పోయేది. ఏ బండ మీద మొసళ్లు పడుకున్నాయో, ఏ మలుపులో నీటికుక్కలు ఆడుతున్నాయో, కొంగలు ఏ తిన్నె మీద దిగాయో చూసి తెడ్డు ఎత్తి సైగ చేసేది. పెద్దదానిలో నాయిన చుట్టాలను కూర్చోబెట్టుకుని వెనక వచ్చేవాడు. ఎక్కేముందే అందరికీ గట్టిగా చెప్పేవాడు, బీడీ ముట్టించొద్దు, మాట్లాడొద్దు, నీళ్లలో చెయ్యి పెట్టొద్దని. తుపాకీ మాట అసలే ఎత్తొద్దు. ఒకసారి ఎవరో అధికారి భుజాన తుపాకీతో దిగితే, దాన్ని బండిలో పడుకోబెట్టి రమ్మన్నాడు, లేదంటే తమరు కూడా బండిలోనే పడుకోమన్నాడు. ఆయనగారు కాసేపు మూతి ముడుచుకుని, చివరికి వదిలేసి ఎక్కాడు.

బండ దగ్గర పడగానే నాయిన తెడ్డు ఆపేసేవాడు. పుట్టి దానంతటది నీళ్ల మీద జరిగేది. మొసలి నోరు తెరుచుకుని ఎండ కాగుతూ ఉండేది. పళ్లు కనిపించేంత దగ్గరికి పోయినా కదిలేది కాదు. అన్నేళ్లుగా ఆ పుట్టి వస్తుంది, చూస్తుంది, పోతుంది, అంతే కదా. దానివల్ల వాటికి ఏ కీడూ జరగలేదు.

నన్ను అందరూ గయ్యాళి అంటారు కానీ, అక్క ముందు నేనెంత. నాకంటే రెండేళ్లు పెద్దది. పుట్టి అంచు పట్టుకునే తీరును బట్టి ఏ చుట్టానికి ఎంత భయమో చెప్పేసేది. వాళ్లు దిగిపోయాక అచ్చం వాళ్లలాగే కూర్చుని కళ్లు తేలేసేది. అమ్మ నవ్వు ఆపుకోలేక పొయ్యి వదిలి లేచిపోయేది. వచ్చే ఎండాకాలం మేనబావకిచ్చి చేద్దామనుకున్నారు. వాళ్లది నదికి ఎదురు ఒడ్డు. మేళాలూ తాళాలూ ఎందుకు దండగ, నా పుట్టి నేనే తోలుకుని అత్తగారింటికి పోతానని అనేది. అట్లాంటి మనిషి.

ఆ రోజు పంతులమ్మ, ఆమె అన్న, వదిన వచ్చారు. పొద్దుటి పూట చూడవలసినవన్నీ చూసి, ఇసుక తిన్నె మీద జొన్నరొట్టె, చేపల పులుసు తిని చెట్ల నీడన ఒరిగారు. అక్క పులుసు కుండ తీసుకుని నీళ్ల అంచుకు పోయింది. ఎప్పుడూ తోమే చోటే, మోకాలు లోతు కూడా లేదు. నేను పొయ్యి మీద నీళ్లు చల్లుతున్నాను. వెనక నీళ్లలో ఒక్కసారి పెద్ద చప్పుడయింది. నన్ను బెదిరించడానికి అక్క రాయి విసిరిందనుకున్నాను. తిరిగి చూస్తే కుండ ఒక్కటే తేలిపోతోంది.

నాయిన తెడ్డుతో సహా నీళ్లలోకి దూకాడు. ఊరంతా వచ్చింది, ఎదురు ఒడ్డు నుంచి మేనబావ వాళ్లూ వచ్చారు. పొద్దు గూకేదాకా వెతికారు. ఏమీ దొరకలేదు.

మొసలిని చూడవచ్చినవాళ్లు మంచిగానే చూసి పోయారని మా ఊళ్లో ఒకడు కల్లు దుకాణంలో అన్నాడట. వాడి నోట్లో మన్నుపడ. వాడు చచ్చి ఎన్నేళ్లయిందో, నాకు మాత్రం ఆ కోపం చావలేదు.

అమ్మ ఏడవలేదు. గడపలో కూర్చుని ఒకటే మాట పట్టుకుంది, మట్టి చెయ్యడానికి తన చేతికి ఏదో ఒకటి రావాలని. ఎముకైనా సరే, కడియమైనా సరే. అక్క చేతులకున్న వెండి కడియాలు ఒకప్పుడు అమ్మవే. మనిషి ఆనవాలు ఏదీ మట్టిలో కలపకపోతే ఆ జీవి నీళ్లలోనే తిరుగుతుందని మావాళ్ల నమ్మకం. ఆ సాయంత్రం అమ్మ నాయిన ముఖం మీదే అనేసింది.

"నువ్వే మాలిమి చేసినవ్ వాటిని. మనుషులంటె బెరుకు లేకుంట చేసింది నువ్వే."

నాయిన తెల్లారి పోలీసు క్యాంపుకు పోయి బతిమాలి, తుపాకీ ఉన్న జవాను ఒకణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. తన పుట్టిలో తన చేత్తోనే ఎక్కించుకున్నాడు. అమ్మా నేనూ ఒడ్డు వెంట నడిచాం.

అంతా పాత పద్ధతే. బీడీ వద్దన్నాడు, మాట్లాడొద్దన్నాడు. బండ దగ్గర తెడ్డు ఆపాడు. మొసలి కదల్లేదు. ఆ పుట్టిని చూసి ఎందుకు కదులుతుంది? జవాను కాల్చాడు. దాన్ని ఒడ్డుకు లాగి, పొట్ట కోసి, నాయినే చెయ్యి పెట్టి వెతికాడు. గులకరాళ్లు, తాబేలు చిప్పలు, మేక వెంట్రుకలు. అక్క ఆనవాలు లేదు. మరునాడు ఇంకో బండ. ఆ మరునాడు ఇంకొకటి. అమ్మ ప్రతిసారీ పక్కనే కూర్చుని చూసి, కొంగు నోట్లో కుక్కుకుని లేచిపోయేది. నాయిన అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి దించేసేవాడు. ఇసుకతో ఎంత తోమినా చేతుల వాసన పోవడం లేదనేవాడు. ఆయన్ను అట్లా చూడలేక నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను కూడా. అమ్మ వినిపించుకోలేదు.

చివరికి మడుగులో ఉండే అన్నిటికంటే పెద్ద మొసలి పొట్టలో వెండి దొరికింది. నాయిన దాన్ని నీళ్లలో కడిగి తెచ్చి అమ్మ అరచేతిలో పెట్టాడు. ఒక జత చేతి మురుగులు. నల్లబడ్డాయి, ఒకటి వంగిపోయింది. అవి పసిపిల్లవి. మూడేళ్లో నాలుగేళ్లో ఉన్న పిల్ల చేతికి పట్టేవి. మా అక్క చేతికి కాదు కదా, నా మూడు వేళ్లకు కూడా ఎక్కవు.

నేను నోరు తెరిచాను. అమ్మ చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాను. ఆమె వాటిని కొంగున గట్టిగా ముడేసుకుంది.

"నా బిడ్డయే," అంది. "దొరికినయి. ఇగ సాలు, తుపాకి పంపియ్."

అక్క కడియాలు ఒకప్పుడు అమ్మకు చేయించింది నాయినే. ఆయనకు తెలియకపోవడమేమిటి. జవాను కూడా చూశాడు. తల పక్కకు తిప్పుకుని తుపాకీలోంచి గుండ్లు తీసేశాడు. నాయిన ఇసుకలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క పోయాక ఆయన ఏడవడం అదే మొదలు. అమ్మ పోయి ఆయన తల పట్టుకుంది. వేట ఆ రోజుతో ఖతం. చుట్టాలను తిప్పడం కూడా అంతే, మళ్లీ ఎవరినీ ఎక్కించుకోలేదు.

మురుగులను తెల్లబట్టలో చుట్టి ఒడ్డు మీద మట్టి చేశాం. దినం నాడు అమ్మ అక్కకు ఇష్టమైనవన్నీ వండింది. చేపల పులుసు, గారెలు, పాయసం విస్తరి నిండా వడ్డించింది. ఆ పక్కనే ఇంకో చిన్న ఆకు వేసింది. పులుసు కారమని అందులో వడ్డించలేదు. అన్నంలో పాలు పోసి, బెల్లం చిదిమి వేసి, మెత్తగా పిసకడం మొదలుపెట్టింది. నాయిన అటే చూస్తూ నిలబడ్డాడు. నా నోరు ఊరుకోదు కదా, అది ఎవరికని నేనే అడిగాను.

"ఆ పిల్లను కన్నతల్లి చేతికి రావల్సినయి నేను తీసుకున్న," అంది అమ్మ. "అన్నమన్న పెట్టొద్దా బిడ్డా?"

పాలన్నం మీద ఈగలు వాలకుండా కొంగుతో విసురుతూ, పొద్దు వాలేదాకా ఆ ఆకు ముందే కూర్చుంది.