పింగాణీ పెంకు మీద పెద్దక్క పేరు

జర్మనీలో, బ్రెమెన్‌లో ఎమ్మెస్ చదివే ఆ రోజుల్లో, మనుషుల కష్టాలన్నిటికీ ప్రాచీన గ్రీకులు ఎప్పుడో మందు కనిపెట్టి ఉంచారని గట్టిగా నమ్మేదాన్ని. తప్పు నాది కాదు, మా మేనత్తది. ఉబ్బసం వల్ల నేను బడికి వెళ్ళలేదు. అత్తయ్యే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది. ఆవిడ నోట చరిత్ర కూడా ఇరుగుపొరుగు కబుర్లలాగే వచ్చేది. ఏథెన్స్, స్పార్టా మా వీధిలో ఎదురెదురు ఇళ్ళన్నంత ధీమాగా చెప్పేది. ఏథెన్స్ ఇంట్లో అందరూ మాటకారులు, పదవులకు సైతం చీట్లు తీసి మనుషులను వేసుకుంటారు. స్పార్టా ఇంట్లో మాట తక్కువ, పిల్లలకు సైతం నేల పడక, అందరికీ ఒకే నల్ల చారు (అందులో ఏం వేస్తారో అత్తయ్య చెప్పలేదు, మేము శాకాహారులం).

మేము నలుగురం ఆడపిల్లలం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. గుంటూరు పిల్ల, హైదరాబాదు పిల్ల, నేను, మా అందరికంటే మూడు నాలుగేళ్ళు పెద్దదైన వరంగల్ పెద్దక్క. ఇంటి ఏలుబడి ఆమెదే. స్నానానికి అయిదు నిమిషాలు దాటితే తలుపు మీద దబదబా చప్పుడు. అందరికీ ఒకే పప్పు. హీటర్ ఎక్కువ పెడితే ఒంటి మీదికి ఇంకో స్వెటర్ వచ్చి పడేది. అయితే నాకు ఆయాసం వచ్చిన రాత్రుళ్ళు నా వీపు నిమురుతూ కూర్చునేదీ ఆమే. అక్కా, మీది స్పార్టా పాలన, మనకు ఏథెన్స్ పద్ధతి కావాలి అని ఒకసారి ధైర్యం చేసి అన్నాను. కూర కలుపుతూనే అడిగింది.

"మీ ఏథెన్స్‌ల ఆడోళ్ళకు ఓటున్నదా?"

లేదన్నాను. స్పార్టాలో మాత్రం ఉందా అంది. అక్కడా లేదు, కాని ఆస్తి ఉంటుంది, పరుగు పందేలు ఉంటాయి అన్నాను.

"అయితె ఇద్దర్ల కంటె మనమే మేలు. పోయి గిన్నెలు తోము."

డిసెంబరులో ఇంటావిడ వచ్చి, ఈ ఫ్లాట్‌లో ముగ్గురికే అనుమతి, నెలాఖరుకల్లా ఒకరు ఖాళీ చేయాలని చెప్పి వెళ్ళింది. ఆ చలిలో బ్రెమెన్‌లో గది దొరకడమంటే దైవదర్శనమే. గది లేకపోతే అన్‌మెల్డుంగ్, అంటే ఊళ్ళో చిరునామా నమోదు, లేదు, అది లేకపోతే వీసా పొడిగింపు లేదు. పోయేదెవరు? రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. అప్పుడు నేనే, సలహా సరస్వతిని, ఏథెన్స్ వాళ్ళ వెలివేత గురించి చెప్పాను. కుండపెంకుల మీద పేరు రాసి వేస్తారు, ఎక్కువ పెంకులు ఎవరికి పడితే వారు పదేళ్ళు ఊరు విడవాలి. ఆస్తి పోదు, పరువు పోదు, గడువు తీరాక తిరిగి రావచ్చు.

గుంటూరు పిల్ల తన పింగాణీ పళ్ళెం త్యాగం చేసింది. ఆదివారం మధ్యాహ్నం నాలుగు పెంకులు, ఒక కాటుక పెన్సిలు, పెట్టెగా కుక్కరు గిన్నె. దేవుడికి దణ్ణం పెట్టుకుని నా పెంకు మీద నా పేరే రాశాను (ఎక్కడికి పోతానో మాత్రం ఆలోచించలేదు). ఆ వారమే కుక్కరు ఆవిరికి పెద్దక్క కుడిచెయ్యి కాలింది, కట్టు కట్టి ఉంది. తన పెంకు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వే రాయి. నా పేరు రాయి. గట్ల చూడకు, రాయి."

అత్తయ్య చెప్పిన కథ గుర్తొచ్చింది. అక్షరం రానివాడొకడు ఒక మంచిమనిషి దగ్గరకే వచ్చి, ఎవరో తెలియక, ఆయన పేరే రాసిపెట్టమన్నాడట. ఆయన మారు మాట్లాడకుండా రాసిచ్చాడట. నేనూ రాశాను, కాని నాకు అంత గుండె లేదు. పెంకు మీద కాటుకతో పాటు కన్నీళ్ళూ పడ్డాయి.

లెక్క చూస్తే పెద్దక్కకు రెండు, నాకు రెండు. స్నానాల మీద కోపంతో గుంటూరు పిల్ల ఆమె పేరు, తెల్లవారుజామున నా పూజగంట మీద కోపంతో హైదరాబాదు పిల్ల నా పేరు రాశారు. ఇద్దరూ వెంటనే ఏడుపు లంకించుకున్నారు. అత్తయ్య సమానమొస్తే ఏం చేస్తారో చెప్పలేదు. పెద్దక్క లేచింది.

"నీ ఏథెన్స్ పనైపోయింది. స్పార్టోళ్ళు ఓట్లెట్ల చూస్తరన్నవ్?"

జనం అరుస్తారక్కా, పక్కగదిలో తలుపు మూసుకుని కూర్చున్న పెద్దలు చెవులతో విని, ఏ పేరుకు అరుపు పెద్దదో తేలుస్తారు అన్నాను.

"మంచిగున్నది. నువ్వు పోవాలని నువ్వు అరువు. నేను పోవాలని నేను అరుస్త."

నేను గుండెల నిండా గాలి పీల్చి అరిచాను. పిల్లనగ్రోవి లాంటి కూత ఒకటి వచ్చింది. తర్వాత పెద్దక్క "నేనే పోతా" అని ఒక్క కేక పెట్టింది. జర్మనీలో ఆదివారం పూట గట్టిగా తుమ్మడమే తప్పు. కింది ఇంటి తాతగారు చీపురుకర్రతో మా నేలను టకటకా పొడిచారు.

"పెద్దలు తీర్పిచ్చిన్రు," అంటూ ఆమె సూట్‌కేసు దించింది. నా ఉబ్బసం సంగతి తెలిసే ఆ పద్ధతి ఎంచుకుందని ఆ పూట నాకు తట్టనేలేదు.

డ్యూసెల్‌డార్ఫ్ వెళ్ళే రైలెక్కుతూ, పదేండ్లకు వస్త, అప్పుడు అయిదు నిమిషాల్లో తానం చేసి సూపియ్యి అంది. ఏదో ఆఫీసులో ఉద్యోగంలో కుదురుకుంది. పండగలకు ఫోను చేసేది. పదేళ్ళు నిండక ముందే దేవుడు పిలుచుకున్నాడు. జబ్బు సంగతి మాకెవరికీ చెప్పనే లేదు. స్పార్టా మనిషి కదా.

ఆ పదేళ్ళ గడువు ఈ డిసెంబరుతో తీరింది. ఇప్పుడు మేముండే ఎష్‌బోర్న్‌లో మా ఇంటి పూజగదిలో, దీపం పక్కన అక్క నాతో రాయించిన పెంకు ఉంది. కాటుక ఎప్పుడో చెరిగిపోయింది. మా పాప "వస్ ఇస్ట్ దస్, మమ్మా?" అని, ఇదేమిటని జర్మన్‌లో అడిగితే, మీ పెద్దమ్మ ఓటు అన్నాను. ఆ చలికాలం నా తల మీద కప్పు నిలిపినందుకు స్వామికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను, అందుకు ఆయన ఎవరి గొంతు వాడుకున్నాడో మరిచిపోకుండా. గడువు తీరిన రోజు అన్నం వండి ఒక కంచం ఎక్కువ పెట్టి, పాప బడికి వెళ్ళాక, అక్కను ఒక్కసారి గట్టిగా పిలుద్దామనిపించింది. పిలిచాను. అదే పిల్లనగ్రోవి కూత. కింద ఎవరూ చీపురుకర్ర తీయలేదు. ఇన్నేళ్ళయినా గెలుపు ఆమెదే అనుకుని, ఏథెన్స్‌ను నమ్ముకున్న ఆ పిచ్చిపిల్లను తలచుకుని నవ్వుకున్నాను, ఆయాసం తీరాక.